డెవలప్ చేశారా... డెవలప్ అయ్యిందా?

మొయినాబాద్, చేవెళ్లల్లో టీ కొట్టు దగ్గర్నుంచి తహసీల్దారు ఆఫీసు దాకా రోజూ వినిపించే ఇంగ్లిష్ క్రియ ఒకటుంది. ఒక్కొక్కరి నోట దానికి ఒక్కో అర్థం. ఎకరం ధర పలికేదీ ఆ మాటతోనే, పెళ్లి సంబంధం కుదిరేదీ ఆ మాటతోనే. ఇంతకీ ‘డెవలప్’ అంటే ఏంటి?

హైదరాబాద్‌లో అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కి, అజీజ్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి మీదుగా చేవెళ్ల దాకా వెళ్లే బస్సులో కూర్చుని చెవి ఒగ్గి వినండి. ఇలాంటి మాటలు బోలెడు వినిపిస్తాయి.

‘అజీజ్‌నగర్ మస్తు డెవలప్పయింది.’

‘మా దిక్కు ఇంకా డెవలప్ కాలే.’

‘ఆయనా? ఈ మధ్య బాగా డెవలప్ అయిండు.’

‘ఆ నాలుగెకరాలు డెవలప్‌మెంట్‌కిచ్చిండ్రట.’

‘పోరడు జర ఇంగ్లిష్ డెవలప్ చేసుకోవాలె.’

‘మా అల్లుడు డెవలపర్.’

ఆరు వాక్యాలు, ఒకటే మాట. మొదటి దాంట్లో డెవలప్ అంటే రోడ్డు, షాపులు, భూమి ధర. రెండో దాంట్లో అవేవీ లేకపోవడం. మూడో దాంట్లో డబ్బు. నాలుగో దాంట్లో ఒప్పందం. అయిదో దాంట్లో సాధన. ఇక ఆరో దాంట్లో... అల్లుడు గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడా, మొయినాబాద్‌లో ప్లాట్లు వేస్తాడా అన్నది అడిగితే గానీ తెలియదు! తమాషా ఏంటంటే, మొదటి రకం డెవలపర్ దాచుకున్న జీతంతో రెండో రకం డెవలపర్ దగ్గరికే వచ్చి ప్లాటు కొంటుంటాడు.

ఇన్ని పనులు చేసే మాట పక్కన తెలుగు మాట పెట్టమంటే ఠక్కున ‘అభివృద్ధి’ అనేస్తాం. కానీ ఆ ఆరు వాక్యాల్లో దాన్ని పెట్టి చూడండి. ‘మా అల్లుడు అభివృద్ధికారుడు’ అనగలమా? ‘ఆయన బాగా అభివృద్ధి అయిండు’ అంటే నవ్వుతారు. ఒక్క తెలుగు మాట దానికి సరిపోదు. ఎందుకంటే అసలు అది పుట్టింది ఇంకో పనికోసం.

పొట్లం విప్పడం

డెవలప్ ఇంగ్లిష్‌వాళ్ల సొంత మాట కాదు. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. మొదట్లో దాని అర్థం- చుట్టి ఉన్నదాన్ని విప్పడం. మనం ఉత్తరం పెట్టే ఎన్వలప్ ఉంది కదా, అది దీనికి తోబుట్టువే. చుట్టేసి మూసేది ఎన్వలప్, విప్పి తెరిచేది డెవలప్. లోపల ఉన్నదాన్నే బయటికి తేవడమన్నమాట.

ఆ పాత అర్థం మన ఇళ్లల్లోకి ఒక దారిలో వచ్చింది. డిజిటల్ కెమెరాలు రాకముందు పెళ్లయ్యాక రీలు తీసుకెళ్లి స్టూడియోలో ఇచ్చేవాళ్లం. ఇంగ్లిష్‌లో ఆ పని పేరు డెవలప్ చేయడమే. ఫిల్ము మీద బొమ్మ అప్పటికే పడి ఉంటుంది, కంటికి కనపడదు. చీకటిగదిలో రసాయనంలో ముంచితే మెల్లగా తేలుతుంది. తెలుగువాళ్లం దానికి చక్కగా ‘ఫొటోలు కడిగించడం’ అని పేరు పెట్టుకున్నాం. బొమ్మను కొత్తగా గీసేదేమీ లేదు, ఉన్నదే బయటపడేది.

మొగ్గ విచ్చుకున్నా, పసిబిడ్డ ఎదిగినా, విత్తు మొలకెత్తినా ఇంగ్లిష్‌లో డెవలపే. చెడుకూ అదే మాట వాడతారు. జ్వరం వచ్చినా, గోడకు బీటలు పడినా, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినా వాళ్లకు డెవలప్ కావడమే. అంటే ఈ క్రియలో మంచి అన్నది పుట్టుకతో లేదు. లోపల ఏముంటే అది పెరుగుతుంది, అంతే. మన దగ్గరికొచ్చాక మాత్రం అందులోని చెడంతా రాలిపోయి మంచి ఒక్కటే మిగిలింది. డెవలప్ అయిందంటే బాగుపడిందనే మనకు లెక్క. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

కర్త ఎక్కడ?

బళ్లో వ్యాకరణం చెప్పేటప్పుడు సకర్మక క్రియ, అకర్మక క్రియ అని మాస్టారు బోర్డు మీద రాసేవారు గుర్తుందా? డెవలప్ రెండు వేషాలూ వేస్తుంది. ఎవరో ఒకరు దేన్నో డెవలప్ చేయొచ్చు. ఏదైనా తనంతట తానే డెవలప్ కావొచ్చు. తెలుగులో ఆ తేడా మరింత స్పష్టం. ఒకదానికి ‘చేయు’ తగిలిస్తాం, రెండో దానికి ‘అవు’ తగిలిస్తాం.

‘పంచాయతీ వాళ్లు వీధి డెవలప్ చేశారు’ అంటే చేసినవాళ్లు కనిపిస్తున్నారు. మోరీ సరిగా తవ్వకపోతే వెళ్లి అడగొచ్చు. ‘మా ఏరియా డెవలప్ అయింది’ అంటే? ఎవరు చేశారు, ఎవరి డబ్బుతో, ఎవరి భూమిలో, ఎవరిని అడిగి? ఆ ప్రశ్నలన్నీ ‘అయింది’లో కలిసిపోతాయి. వాన పడ్డట్టు, పొద్దు పొడిచినట్టు, ఏరియా దానంతటదే డెవలప్ అయిపోయిందన్నమాట!

రియల్ ఎస్టేట్ బ్రోచర్లు చూడండి. ‘శరవేగంగా డెవలప్ అవుతున్న ప్రాంతం’ అనే ఉంటుంది. ఫలానా సంవత్సరంలోగా ఫలానా వాళ్లం మంచినీళ్లు తెస్తాం అని ఉండటం అరుదు. మొదటిది ఆశ, రెండోది హామీ. హామీ తప్పితే పట్టుకుని అడగొచ్చు. ఆశ తప్పితే ఎవరిని అడుగుతాం?

కాలేదు, కానివ్వలేదు

మొయినాబాద్ వాళ్లు ‘మా దిక్కు డెవలప్ కాలే’ అన్నప్పుడు మాత్రం కర్త ఎవరో వాళ్లకు బాగా తెలుసు. ఆ కర్త పేరు ఒక అంకె. నూటపదకొండు.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తాక, ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్. వరదను ఆపడం, ఊరికి మంచినీళ్లివ్వడం... రెండు పనులూ వాటివే. వాటిలోకి నీరు పారే ప్రాంతం పాడవకుండా 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు జీవో తెచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దంది. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్, శంకర్‌పల్లి లాంటి మండలాల్లోని 84 గ్రామాలు, దాదాపు లక్షా 32 వేల ఎకరాలు దాని కిందికొచ్చాయి.

ఆ జీవో కాగితానికే పరిమితం కాలేదు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమ పెట్టబోతే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో ఒకసారి, 2000లో మరోసారి వచ్చిన ఆ తీర్పులు ఇవాళ్టికీ దేశమంతటా పర్యావరణ కేసుల్లో వినిపిస్తాయి. ప్రమాదం లేదని నిరూపించాల్సింది పరిశ్రమ పెట్టేవాళ్లేనని కోర్టు తేల్చింది. లక్షల మంది తాగే నీటి విషయంలో ఏ ఒక్కరికీ మినహాయింపు కుదరదంది.

రైతు వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. పక్కనున్న కోకాపేటలో, గచ్చిబౌలిలో భూమి ధర ఆకాశానికి పోతుంటే, గండిపేట ఇవతల ఒడ్డున ఉన్నవాళ్లకు అదే భూమి, అదే ఎర్రమట్టి. ధర మాత్రం అది కాదు. ఆపరేషనుకో, బిడ్డ పెళ్లికో ఎకరం అమ్ముదామంటే కొనేవాళ్లు ‘ఇది ట్రిపుల్ వన్ కదా’ అని బేరం తగ్గించేవాళ్లు. ఊరి నీళ్లు కాపాడే భారం తమ నెత్తిన పెట్టి, నీళ్లు తాగినవాళ్లు పైసా ఇవ్వలేదన్నది వాళ్ల బాధ. అందులో న్యాయం లేదనలేం. పైగా అవే ఊళ్లల్లో పెద్ద పెద్ద ప్రహరీల వెనక ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఒకే నిబంధన కింద ఒకరికి డెవలప్ కావడం కుదిరింది, ఇంకొకరికి కుదరలేదు.

నగరం తాగునీటికి ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరి, మంజీరల మీద ఆధారపడుతోందంటూ 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు జీవోతో ఆంక్షలు ఎత్తేసింది. జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టింది. 2023 మేలో 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. పర్యావరణవేత్తలు వద్దన్నారు. తాగడానికి అక్కర్లేకపోయినా వరదను ఆపడానికి జలాశయాలు కావాలన్నారు. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లెత్తినప్పుడు మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. 1908 పాఠం పాతబడలేదని నగరానికి ఆ రాత్రి గుర్తొచ్చింది.

చట్టం ఏమంటోంది?

ఈ తగాదా మొత్తం ఒక క్రియ చుట్టూ తిరుగుతోంది కాబట్టి, చట్టం దానికి ఏ అర్థం చెప్పిందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల (అభివృద్ధి) చట్టం 1975లో వచ్చింది. ‘హుడా’ పుట్టింది దీనికిందే. ఆ తర్వాత 2008లో హెచ్‌ఎండీఏ వచ్చింది. 1975 చట్టం ప్రకారం డెవలప్‌మెంట్ అంటే... భూమిలో, భూమ్మీద, పైన, కింద భవన నిర్మాణం, ఇంజినీరింగ్, గనుల తవ్వకంలాంటి పనులు చేయడం. లేదంటే ఉన్న భవనాన్నో భూమినో చెప్పుకోదగ్గట్టు మార్చడం. 2016 రెరా చట్టం చెప్పే అర్థం కూడా ఇంచుమించు ఇదే.

గమనించారా? ఆ నిర్వచనంలో ‘మంచి’ అన్న మాటే లేదు. బడి కట్టినా డెవలప్‌మెంటే, గుట్టను తొలిచినా డెవలప్‌మెంటే. మార్పు ఉంటే చాలు. ఆ మార్పు ఎవరికి మేలన్నది ఆ ఒక్క మాట చెప్పదు. దానికి వేరే నిబంధనలు, అనుమతులు, అభ్యంతరాలు చెప్పుకునే గడువులు ఉంటాయి. మనం మాత్రం మాట వినగానే మేలనే అనుకుంటాం.

మరి రైతు చేసేదేంటి? రాళ్లేరి, మిట్టలు చదును చేసి, చెరువుమట్టి తోలి, బోరు వేసి, డ్రిప్ పైపులు పరిచి, ఏళ్ల తరబడి కష్టపడితే బీడు పొలమవుతుంది. మొయినాబాద్, చేవెళ్ల పొలాల్లో పూసే బంతి, చేమంతి, గులాబీలు గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి వెళ్తాయి. టమాటా, క్యారెట్, ఆకుకూరలు తెల్లారేసరికి నగరానికి చేరతాయి. ఇంత పనికీ మన పెద్దలు పెట్టిన పేరు ‘బాగు చేయడం’. ‘మా నాయిన ఈ చెలక బాగుచేసిండు’ అంటారు. అందులో కర్త ఉన్నాడు, కష్టం ఉంది, మేలూ ఉంది. కానీ ఆ పచ్చటి పొలాన్ని చూపించి ‘ఇక్కడ ఇంకా ఏం డెవలప్ కాలేదు’ అంటాం. అదే పొలంలో పంట తీసేసి, కడీలు పాతి, మట్టిరోడ్డు వేసి, గేటు పెడితే ‘డెవలప్ అయింది’ అంటాం. పొలం బాగు చేశాక కూడా పొలంగానే ఉంటుంది. డెవలప్ చేశాక వెనక్కి రావడం ఉండదు.

మర్రిచెట్టు, మలుపు

రోడ్డు విషయానికొద్దాం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా జాతీయ రహదారి పొడవునా వందల సంఖ్యలో పాత మర్రిచెట్లు. కొమ్మలు రోడ్డుమీద కలుసుకుని పందిరేస్తాయి. నాలుగు వరుసలుగా రోడ్డు డెవలప్ చేయాలంటే చెట్లు అడ్డం. చెట్లు కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లారు. ఏళ్లు గడిచాయి.

ఈలోగా రోడ్డు ఇరుకు, మలుపులు ఎక్కువ, టిప్పర్లు ఎక్కువ. 2024 డిసెంబరులో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర కింద కూరుకుపోయి 19 మంది ప్రాణాలు కోల్పోయారు. కాలేజీకి వెళ్తున్న ఆడపిల్లలున్నారు, పసిబిడ్డ ఉంది.

ఇక్కడ ‘రోడ్డు డెవలప్ కావాలా వద్దా’ అని అడిగితే ప్రశ్నే తప్పు. కావాలి, తప్పకుండా కావాలి. ఎవరు, ఎప్పటిలోగా, ఏ చెట్టును ఎక్కడ ఉంచి, ఏ మలుపును ఎలా తీర్చి చేస్తారన్నది అసలు ప్రశ్న. ‘కావాలి’ అన్నవాళ్లూ ‘వద్దు’ అన్నవాళ్లూ ఒకే మాట పట్టుకుని లాగుతుంటే, మధ్యలో ఈ ప్రశ్నలు అడిగే తీరిక ఎవరికీ దొరకదు.

‘డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం’

ఇంగ్లిష్ దేశంలో ఎవరికీ అర్థంకాని మన సొంత ప్రయోగం ఇది. భూమి మనది, కట్టేది వేరొకరు. కట్టాక ఇంత వంతు మనకు, ఇంత వాళ్లకు. భూమి అమ్మినట్టూ కాదు, అమ్మనట్టూ కాదు. అందుకే ఇక్కడ మాట కంటే కాగితం ముఖ్యం.

ఒప్పందం రిజిస్ట్రేషన్ చేయించాలి. దాంతోపాటే చాలాసార్లు జీపీఏ కూడా ఇస్తారు. అంటే మన తరఫున సంతకం పెట్టే అధికారం. అది ఎంతవరకో చదువుకోకుండా వేలిముద్ర వేయొద్దు. రోడ్డు, మోరీ, కరెంటు, నీళ్లు ఎవరి ఖర్చు? ఎన్ని నెలల్లో? ఆలస్యమైతే నష్టం ఎవరు కడతారు? అనుమతులు రాకపోతే భూమి తిరిగి మన చేతికొస్తుందా? ఇవన్నీ ‘చేస్తాం’ అన్న క్రియతో, కర్త పేరుతో కాగితం మీద ఉండాలి. ‘డెవలప్ అవుతుంది’ అని ఉంటే పెన్ను కింద పెట్టండి.

కొనేవాళ్లకూ ఇదే జాగ్రత్త. 500 చదరపు మీటర్లు దాటిన భూమిలోనో, ఎనిమిదికి మించిన ఇళ్లతోనో వేసే ప్రాజెక్టును అమ్మకానికి పెట్టేముందు రెరాలో నమోదు చేయాలి. అనుమతిలేని లేఅవుట్లలో ప్లాట్లు రిజిస్ట్రేషన్ చేయొద్దని 2020 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. ‘ఇక్కడంతా డెవలప్ అవుతోంది సార్’ అన్నవాళ్లను ముందు ఆ నంబరు అడగండి.

దేశాలకూ తగిలించారు

ఊళ్ల సంగతి సరే, ఒకప్పుడు ఈ మాటను ఏకంగా దేశాలకే తగిలించారు. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన ట్రూమన్, తన ప్రసంగంలో పేద దేశాలను సరిగా డెవలప్ కాని ప్రాంతాలన్నాడు. అప్పట్నుంచీ ఆ ముద్ర ప్రపంచమంతా పాకింది. తెల్లారేసరికి లోకం రెండు ముక్కలైంది- డెవలప్ అయినవాళ్లు, కానివాళ్లు. వందల ఏళ్లుగా చెరువులు తవ్వి, గొలుసుకట్టుగా కలుపుకుని పంటలు పండించిన తెలంగాణలాంటి నేలలన్నీ రెండో ముక్కలో పడ్డాయి.

కొలిచే కొలబద్ద మార్చాలని తర్వాత చాలామంది గొంతెత్తారు. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్, మన అమర్త్యసేన్ లాంటి వాళ్ల ఆలోచనతో 1990లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక మొదలైంది. ఆదాయం ఒక్కటే కాదు, మనిషి ఎన్నేళ్లు బతుకుతున్నాడు, ఎంత చదువుకున్నాడు అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. ఒక రకంగా మాట మళ్లీ పుట్టింటికి చేరింది. మనిషి లోపల చుట్టి ఉన్న శక్తిని విప్పడమే డెవలప్ అన్న పాత అర్థానికి.

చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక వచ్చి 108 చేసే కుర్రాళ్లు కోరుకునేది కూడా అదే కదా. చదివిన చదువు విచ్చుకోవాలని. వాళ్లకు ఉద్యోగమొస్తే మొయినాబాద్ మండలం డెవలప్ అయినట్టా కాదా? ఎకరం ధర చెప్పే లెక్కలో అది కనపడదు.

అందుకే ఇకనుంచి ఎవరైనా ‘డెవలప్’ అనగానే, మంచిదే అని తలూపేముందు ఇంట్లో అందరూ కలిసి ఓ మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఎవరు? దేన్ని? ఎవరికోసం? వాక్యంలో ఈ మూడూ ఉంటే అది అభివృద్ధి గురించి మాట. మూడూ లేకపోతే అది ఇంకా విప్పని ఎన్వలపే. లోపల ఏముందో చూడకుండా సంతకం పెట్టేది మనమే.

పిల్లలూ... ఇలా వాడండి!

• స్పెల్లింగ్ చివర ‘ఇ’ రాదు. ఎన్వలప్ చివర ఉంది కదా అని చాలామంది దీనికీ తగిలిస్తారు. ‘పి’తో ఆపేయండి.

• పలికేటప్పుడు ఒత్తు మధ్యలో పడాలి. ‘డె’ని తేలిగ్గా వదిలి ‘వె’ని నొక్కాలి.

• ‘ఆయన బాగా డెవలప్ అయ్యాడు’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లోకి ఉన్నదున్నట్టు మార్చొద్దు. డబ్బు సంపాదించాడన్న అర్థం అక్కడ రాదు.

• ‘జ్వరం డెవలప్ అయింది’ ఇంగ్లిష్‌లో తప్పు కాదు. తెలుగులో మాత్రం జ్వరం వచ్చిందంటే సరిపోతుంది.

• ‘ఏమైనా డెవలప్‌మెంట్ ఉందా?’ అంటే కొత్త సంగతేమైనా జరిగిందా అని. ఇంగ్లిష్‌లోనూ ఇదే అర్థం.

• మొక్క ఎదుగుతుంది, బిడ్డ పెరుగుతుంది, మొగ్గ విచ్చుకుంటుంది, పొలం బాగవుతుంది, ఊరు బాగుపడుతుంది. ఇంగ్లిష్‌లో అన్నిటికీ ఒకే మాట వాడొచ్చు. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. అవీ వాడుతూ ఉండండి.